టెక్సస్ రేంజర్స్ మైనర్ లీగ్ కుర్రాళ్ళని రోజూ ఫాలో అవడం ఎలా

డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. కానీ ఐకియాకి దగ్గర్లోనే రైడర్స్ ఫీల్డ్ అని ఒక బేస్‌బాల్ గ్రౌండ్ ఉందని, అక్కడ ఆడుతున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు రేపో మాపో ఆర్లింగ్టన్‌లో మేజర్ లీగ్ క్లబ్ టెక్సస్ రేంజర్స్ తరఫున నలభై వేల మంది ముందు ఆడొచ్చని పట్టించుకునేవాళ్ళు మాత్రం బాగా తక్కువ. చాలామందికి అది ఎండాకాలం సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. రైట్ ఫీల్డ్ వెనక ఉన్న లేజీ రివర్‌లో ట్యూబుల మీద తేలడం, ఏదో ఒకటి తినడం, చివర్లో బాణసంచా చూసి ఇంటికి రావడం.

నేనూ అంతే చేశాను. 2023లో ఎవన్ కార్టర్ ఫ్రిస్కోలో ఆడుతున్నప్పుడు నేను అక్కడే కూర్చుని నాచోస్ తింటూ ఫోన్ చూసుకుంటున్నాను. అదే ఏడాది సెప్టెంబర్ 8న అతను రేంజర్స్‌కి ఆడాడు, అప్పటికి 21 నిండి పట్టుమని రెండు వారాలు కూడా కాలేదు. తర్వాత ప్లేఆఫ్స్‌లో తొమ్మిది డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టి రికార్డు పెట్టాడు, జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. కళ్ళముందే ఉన్నవాణ్ణి చూడలేదే అన్న ఉక్రోషంతో ఆ తర్వాతి సీజన్ నుంచి రోజూ చూడ్డం మొదలుపెట్టాను. ఇప్పుడు రోజుకి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎలాగో చెప్తాను, మీ క్లబ్ వేరేదైనా పద్ధతి ఇదే.

ముందు నిచ్చెన అర్థం చేసుకోండి

మైనర్ లీగ్‌లంటే మేజర్ లీగ్ క్లబ్బులు తమ కుర్రాళ్ళని తయారుచేసుకునే కింది మెట్లు. 2021లో వాటన్నిటినీ తిరగరాశారు. అప్పటినుంచి 30 క్లబ్బులకీ తలా నాలుగు పూర్తి సీజన్ జట్లు, మొత్తం 120. రేంజర్స్‌కి పై మెట్టు, అంటే ట్రిపుల్-ఏ, ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్. డబుల్-ఏ మన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్. హై-ఏ సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో ఉంది, జట్టు పేరు హబ్ సిటీ స్పార్టన్‌బర్గర్స్. అవును, బర్గర్సే, నేను కూడా మొదట ఎవరో జోక్ చేస్తున్నారనుకున్నాను. అది 2025లో మొదలైంది. అంతకుముందు హై-ఏగా ఉన్న నార్త్ కరోలినాలోని హికరీ క్రాడాడ్స్ అప్పుడే ఒక మెట్టు కిందికి, సింగిల్-ఏకి దిగింది. అందుకే పాత వార్తల్లో "హికరీలో బాగా ఆడాడు" అని కనిపిస్తే ఏ ఏడాదో చూసుకోండి, 2024 దాకా హికరీ వేరు, ఇప్పటి హికరీ వేరు. ఈ నాలుగిటి కింద అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్ళో కాంప్లెక్స్ లీగ్ జట్టు, ఇంకా డొమినికన్ రిపబ్లిక్‌లో సమ్మర్ లీగ్ ఉంటాయి. అక్కడ ఆడేది పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు.

దీన్ని రంజీతో పోల్చకండి. హైదరాబాద్ రంజీ జట్టు ఏ ఐపీఎల్ టీమ్‌దీ కాదు, తన ట్రోఫీ కోసం తను ఆడుతుంది. ఇక్కడ అలా కాదు. ఫ్రిస్కో జట్టు ఓనర్ టికెట్లు, హాట్‌డాగ్‌లు, టోపీలు అమ్ముకోవచ్చు గానీ ఆటగాళ్ళు, కోచ్‌లు, వాళ్ళ జీతాలు అన్నీ రేంజర్స్‌వి. ఎవరు ఏ పొజిషన్‌లో ఆడాలి, పిచ్చర్ ఎన్ని బంతులు వేశాక ఆపాలి అన్నది పైనుంచి వస్తుంది. ఇది బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక, ఎందుకంటే అప్పుడు "నిన్న ఫ్రిస్కో గెలిచిందా" అని అడగడం మానేస్తారు. స్కోరు చూడండి, తప్పులేదు, చివర్లో చూడండి.

పదిహేను పేర్లు రాసుకోండి, ఎక్కువ వద్దు

నాలుగు జట్లలో కలిపి వందమందికి పైనే ఉంటారు. అందరినీ చూడాలనుకుంటే వారంలో విసుగొచ్చి మానేస్తారు, నాకు మొదటి ఏప్రిల్‌లోనే జరిగింది. నెట్‌లో దొరికే ప్రాస్పెక్ట్ (పైకొస్తారనుకునే కుర్రాళ్ళ) ర్యాంకింగ్‌లలో మొదటి పదిమందిని తీసుకోండి, మిగతా ఐదుగురిని మీరే ఎంచుకోండి: ఒకడు మీకు నచ్చిన పేరున్నవాడు కావచ్చు, ఒకడు డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేచోట, చివరి రౌండ్‌లో వచ్చినవాడు కావచ్చు. సొంతంగా పట్టుకున్న వాడి మీద ఉండే మమకారమే వేరు.

ప్రతి పేరు పక్కన నాలుగు విషయాలుండాలి: వయసు, ఏ మెట్టు, ఎప్పుడు ఎలా వచ్చాడు, 40 మంది రోస్టర్‌లో (మేజర్ లీగ్ క్లబ్ తనకని అట్టేపెట్టుకున్న జాబితాలో) ఉన్నాడా లేదా. ఇందులో వయసు అన్నిటికంటే ముఖ్యం. సెబాస్టియన్ వాల్కాట్ అని బహామాస్ కుర్రాడున్నాడు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్). 2006 మార్చిలో పుట్టాడు, 2025 సీజన్ ఫ్రిస్కోలో ఆడాడు. అంటే పంతొమ్మిదేళ్ళకి, తనకంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళైన పిచ్చర్ల మీద. అలాంటివాడు 250 సగటు (వెయ్యిసార్లు బ్యాటింగ్‌కి 250 హిట్ల లెక్క) కొట్టినా అది మంచి సంగతే. అదే జట్టులో పాతికేళ్ళవాడు 300 కొడితే బాగుంది అనుకోండి, ఆగండి, అంతే.

40 మంది రోస్టర్ ఎందుకంటే, పద్దెనిమిదేళ్ళకి లేదా అంతకుముందు సంతకం చేసినవాణ్ణి అయిదు సీజన్లలోపు, పంతొమ్మిది నిండాక చేసినవాణ్ణి నాలుగు సీజన్లలోపు అందులో చేర్చకపోతే డిసెంబర్‌లో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఇంకో క్లబ్ ఎత్తుకుపోవచ్చు. ఆగస్టులో ఎవడికైనా ఉన్నట్టుండి ప్రమోషన్ వస్తే చాలాసార్లు కారణం ఇదే, నవంబర్‌లో నిర్ణయం తీసుకునే ముందు పై మెట్టులో ఒకసారి పరీక్షించి చూస్తారు.

టైమ్ కుదుర్చుకోండి

మామూలుగా మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు, సోమవారం సెలవు. ట్రిపుల్-ఏలో సీజన్‌కి 150 ఆటలు, డబుల్-ఏలో 138, కింద రెండు మెట్లలో 132. కాంప్లెక్స్ లీగ్, డొమినికన్ లీగ్ ఎండాకాలంలో కొన్ని నెలలే.

ఇండియాలో ఉండి చూసేవాళ్ళకి నిజానికి ఇది ఇంకా సుఖం. ఫ్రిస్కోలో సాయంత్రం 7:05కి మొదలైతే ఇండియాలో మర్నాడు పొద్దున 5:35. హికరీ, స్పార్టన్‌బర్గ్ తూర్పు టైమ్ కాబట్టి తెల్లవారుజామున 4:35. రౌండ్ రాక్ పశ్చిమ తీరానికి వెళ్తే 7:35. అంటే ఆఫీసు బస్సు ఎక్కే టైమ్‌కి కింద మూడు జట్ల ఆటలు దాదాపు అయిపోయి ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు రాత్రి ఆగక్కర్లేదు, మర్నాడు పొద్దున కాఫీతో చూసుకోండి. బాక్స్ స్కోర్లు (ఆటలో ఎవరేం చేశారో చెప్పే అంకెల పట్టికలు), బంతి బంతికీ వివరం మైనర్ లీగ్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి.

బాక్స్ స్కోర్: ముందు పిచ్చర్

నేను ఎప్పుడూ పిచ్చర్‌తో మొదలుపెడతాను. వారానికి ఆరు ఆటలు కాబట్టి స్టార్టర్‌కి, అంటే ఆట మొదలుపెట్టే పిచ్చర్‌కి, సాధారణంగా వారానికి ఒకటే వంతు, వాడి గురించి తెలిసేది ఆ రోజే. మీ జాబితాలో పిచ్చర్ల పక్కన "బుధ", "శుక్ర" అని రాసిపెట్టుకోండి. బుధవారం రావాల్సినవాడు రాలేదంటే ఏదో జరిగిందన్నమాట.

ఒక లైన్ అనుకుందాం: 4.1 ఇన్నింగ్స్, 6 హిట్లు, 4 రన్లు, అందులో ఎర్న్‌డ్ 2, 1 వాక్, 8 స్ట్రైకవుట్లు, 82 బంతులు, వాటిలో 55 స్ట్రైక్‌లు. వాక్ అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ని ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపడం, స్ట్రైకవుట్ అంటే మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం, ఎర్న్‌డ్ అంటే ఫీల్డర్ల తప్పుల్లేకుండా పిచ్చర్ లెక్కలోకే వచ్చే రన్. క్రికెట్ చూసేవాళ్ళకి 4.1 చూడగానే నాలుగు ఓవర్ల ఒక బంతి గుర్తొస్తుంది, ఇక్కడ కూడా దశాంశం కాదు, నాలుగు ఇన్నింగ్స్, ఇంకో అవుట్. మొత్తం పదమూడు అవుట్లు. పైపైన చూస్తే అయిదో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు, నాలుగు రన్లిచ్చాడు, పోయింది అనిపిస్తుంది. ఇప్పుడు మళ్ళీ చదవండి. పదమూడు అవుట్లలో ఎనిమిది స్ట్రైకవుట్లు, అంటే ఫీల్డర్ సాయం లేకుండా తనే తీసుకున్నాడు. వాక్ ఒక్కటే. మూడింట రెండొంతుల బంతులు స్ట్రైక్‌లు. నాలుగు రన్లలో రెండు ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి, కింది మెట్లలో తప్పులు ఎక్కువ, గ్రౌండ్లు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మరి ఎందుకు తీసేశారు? 80 బంతులు దాటాడు కాబట్టి, కుర్రాళ్ళ చేతులు కాపాడుకోవడానికి ముందే లెక్క పెట్టుకుంటారు. నా పుస్తకంలో ఇది మంచి రోజు. అదే ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ ఇచ్చి అయిదు వాక్‌లు, రెండు స్ట్రైకవుట్లు ఉన్నవాడి పక్కన నేను ప్రశ్నార్థకం పెడతాను.

జాక్ లైటర్ సంగతి గుర్తుపెట్టుకోండి. 2021 డ్రాఫ్ట్‌లో రెండోవాడు. నేరుగా ఫ్రిస్కోకి పంపితే 2022లో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే ఎర్న్‌డ్ రన్ల సగటు) 5 దాటింది, 2023లోనూ 5 కిందికి రాలేదు. ఆ మధ్యలో కొన్నాళ్ళు డెవలప్‌మెంట్ లిస్ట్‌లో పెట్టారు. అంటే గాయమేం లేదు, ఆటలు ఆపి యాక్షన్ సరిచేసుకో అని. ఫ్రిస్కోలో చాలామంది ఇతని పనైపోయిందన్నారు. కానీ ఆ రెండేళ్ళూ స్ట్రైకవుట్లు వస్తూనే ఉన్నాయి, సమస్యల్లా వాక్‌లది. 2024 ఏప్రిల్‌లో రేంజర్స్‌కి ఆడాడు, మొదట దెబ్బలు తిన్నాడు, 2025 వచ్చేసరికి రొటేషన్‌లో, అంటే వంతులవారీగా వేసే స్టార్టర్లలో, ఉన్నాడు. ఒక్క ఈఆర్ఏ చూసి లైటర్‌ని కొట్టేసి ఉంటే మూడేళ్ళు చూసిందంతా వేస్ట్ అయ్యేది.

తర్వాత బ్యాటర్

హిట్ల సంఖ్య చివర చూడండి. ముందు వాక్‌లు, స్ట్రైకవుట్లు. నాలుగు సార్లు బ్యాటింగ్‌కి వచ్చి మూడు హిట్లంటే ఎగిరి గంతేస్తాం, కానీ బంతి బంతి వివరంలోకి వెళ్తే రెండు పిచ్చర్ పక్కనుంచి పాకిన గ్రౌండర్లు, ఒకటి ఎండలో ఫీల్డర్‌కి కనిపించని బంతి అయి ఉండొచ్చు. ఇంకొకడు హిట్టే లేకుండా రెండు వాక్‌లు, సెంటర్ ఫీల్డ్‌కి రెండు గట్టి లైన్ డ్రైవ్‌లు కొట్టి అవుటయ్యాడు. నెల తర్వాత చూస్తే ఈ రెండోవాడే ముందుంటాడు, ఎక్కువసార్లు. కార్టర్ కూడా మైనర్స్‌లో పేరు తెచ్చుకున్నది ఏ బంతి వదలాలో తెలిసినవాడిగానే.

నేను పెట్టుకున్న గీత ఇది, శాస్త్రం కాదు: బ్యాటింగ్‌కి వచ్చినన్నిసార్లలో స్ట్రైకవుట్లు నాలుగో వంతు దాటితే కళ్ళు పెట్టి చూడు, వాక్‌లు పదిశాతం పైన ఉంటే ఓపిక పట్టు. ట్రిపుల్-ఏలో అయితే ఇంకో సౌకర్యం ఉంది, బంతి బ్యాట్ మీదనుంచి ఎంత వేగంతో వెళ్ళిందో 2023 నుంచి అక్కడి లెక్కలు బయటికి ఇస్తున్నారు. గంటకి 95 మైళ్ళు దాటితే గట్టిగా తగిలినట్టు. ఫ్రిస్కో, హికరీ లెక్కలు అలా దొరకవు, వీడియో చూసుకోవాల్సిందే.

ఒకటి మర్చిపోకండి, ఏ పొజిషన్‌లో ఆడాడో రాసుకోండి. ఏడాదంతా షార్ట్‌స్టాప్‌గా ఉన్నవాణ్ణి ఉన్నట్టుండి సెంటర్ ఫీల్డ్‌లోనో సెకండ్ బేస్‌లోనో నిలబెడితే పైవాళ్ళు ఏదో ఆలోచిస్తున్నారు. పై జట్టులో కోరీ సీగర్ లాంటివాడు షార్ట్‌స్టాప్‌లో పాతుకుపోయి ఉంటే కిందివాడు దారి వెతుక్కోవాలి కదా.

లేనివాణ్ణి వెతకండి

బాక్స్ స్కోర్‌లో కనిపించేదానికంటే కనిపించనిది ఎక్కువ చెప్తుంది. ఒకరోజు పేరు లేదంటే విశ్రాంతి. రెండు రోజులు లేదంటే ట్రాన్సాక్షన్ల పేజీకి (ఎవరిని ఎక్కడికి మార్చారో రాసే చోటుకి) వెళ్ళండి. మైనర్స్‌లో గాయాల జాబితా ఏడు రోజులది, పెద్ద గాయమైతే అరవై. ఆ పేజీలోనూ లేకపోతే కింది మెట్టు, పై మెట్టు బాక్స్ స్కోర్లు రెండూ వెతకండి. ఒకసారి నా జాబితాలోని కుర్రాడు మూడు రోజులు కనిపించకపోతే చేతికి దెబ్బ తగిలిందేమోనని తెగ టెన్షన్ పడి మా వాట్సాప్ గ్రూపులో సంతాప సందేశం లాంటిది పెట్టాను. వాడు అప్పటికే రౌండ్ రాక్‌లో రెండు డబుల్స్ కొట్టి ఉన్నాడు. ఇప్పటికీ గ్రూపులో ఎవరు కనిపించకపోయినా "ఏం, పోయాడా?" అని నన్నే అడుగుతారు.

ఆట మధ్యలో తీసేస్తే మాత్రం వీడియో పెట్టి డగౌట్ చూడండి. ట్రైనర్ వచ్చి నడిపించుకెళ్తే గాయం. అందరూ కౌగిలించుకుంటుంటే ప్రమోషనో, ట్రేడో (ఇంకో క్లబ్‌కి ఇచ్చేయడం). జులై చివర్లో ట్రేడ్ గడువు దగ్గర పడ్డప్పుడు ఈ కౌగిలింతల కోసమే కాచుకు కూర్చునేవాళ్ళుంటారు, అందులో నేనొకణ్ణి.

ఇంకోటి, ఫ్రిస్కో లైనప్‌లో ఎక్కడో విన్న పెద్ద పేరు కనిపిస్తే కంగారుపడొద్దు, గాయం నుంచి కోలుకుంటున్న మేజర్ లీగర్ రిహాబ్‌కి వచ్చాడు. బ్యాటర్‌కి ఇరవై రోజులు, పిచ్చర్‌కి ముప్ఫై రోజుల దాకా గడువు. వాడి అంకెలు లెక్కలోకి తీసుకోకండి. అలాంటివాడు ఎదుటి జట్టులో ఉంటే మాత్రం వాడి మీద మన కుర్రాడు ఎలా ఆడాడన్నది రాసుకోండి.

ఈ నిచ్చెన ఎక్కడం దిగడం మొత్తం ఒక్కడిలో చూడాలంటే పిచ్చర్ కుమార్ రాకర్. తల్లివైపు భారతీయ మూలాలు, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి కోచ్ అయినవాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ జట్టులో లైటర్‌కి సహచరుడు. 2019 జూన్‌లో డ్యూక్ యూనివర్సిటీ మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట), 19 స్ట్రైకవుట్లతో. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో నంబర్‌లో తీసుకుని, మెడికల్ రిపోర్టు దగ్గర వెనక్కి తగ్గారు. ఏడాది తర్వాత రేంజర్స్ మూడో నంబర్‌లో తీసుకున్నారు. 2023లో హికరీలో ఆరు ఆటలు వేశాడో లేదో మోచేతికి టామీ జాన్ సర్జరీ (లిగమెంట్ మార్చే ఆపరేషన్). 2024 ఎండాకాలంలో అరిజోనా కాంప్లెక్స్‌తో మళ్ళీ మొదలుపెట్టి ఫ్రిస్కో, రౌండ్ రాక్ దాటుకుంటూ సెప్టెంబర్ 12న సియాటిల్‌లో రేంజర్స్ జెర్సీలో దిగాడు. ఆ రెండు నెలలు బాక్స్ స్కోర్ తెరవడమే ఒక పండగ.

ఊరు కూడా ఆడుతుంది

రౌండ్ రాక్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బుకర్కీ, రీనో లాంటి ఊళ్ళు ఎత్తు మీద ఉంటాయి. ఆల్బుకర్కీ అయిదు వేల అడుగుల పైమాటే. గాలి పలచన, బంతి ఎగిరిపోతుంది, కర్వ్‌బాల్ సరిగ్గా వంగదు. అక్కడ వారం ఆడి నాలుగు హోమ్ రన్లు కొట్టినవాణ్ణి చూసి మురిసిపోకండి, అక్కడ అయిదు రన్లిచ్చిన పిచ్చర్ని తిట్టకండి. ఫ్రిస్కో ఆడే లీగ్‌లో కూడా అమరిల్లో అనే ఊరుంది, అదీ ఎత్తే, పైగా గాలి. వర్షం పడి ఆట ఆగితే మర్నాడు రెండు ఆటలు, ఏడేసి ఇన్నింగ్స్‌వి, ఆ రోజు "అయిదు ఇన్నింగ్సే వేశాడేంటి" అనుకోకండి. ట్రిపుల్-ఏలో స్ట్రైక్ జోన్ మీద ఛాలెంజ్ కూడా ఉంది, మన డీఆర్ఎస్ లాంటిదే, 2026 నుంచి మేజర్స్‌లోకీ తెచ్చారు.

ఒక్క లైనే రాయండి

నా ఫోన్‌లో ఒక షీట్ ఉంది, మనిషికో వరస, రోజుకో గడి. గడిలో ఇలా ఉంటుంది: "4కి 0, 1 వాక్, 0 స్ట్రైకవుట్, రెండు గట్టి అవుట్లు, సెకండ్ బేస్." అంతే. వ్యాసం రాయకండి. సోమవారం సెలవురోజు కదా, అప్పుడు వారం మొత్తం కూడి చూడండి, నెలకోసారి ముప్ఫై రోజులది. రోజు చూసి సంబరపడొచ్చు, అభిప్రాయం మార్చుకోవడం మాత్రం సోమవారానికి వాయిదా వేయండి.

షీట్ పైన నేను ఇంకో అంకె కూడా రాసిపెట్టుకున్నాను. 2023లో ఆటగాళ్ళ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఏడాది ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస జీతం 35,800 డాలర్లు, డబుల్-ఏలో 30,250. అంతకుముందు ఏడాది డబుల్-ఏలో అది 13,800. స్ట్రైకవుట్ అయినవాణ్ణి ఇంట్లో కూర్చుని ఏదో అనబోతున్నప్పుడు ఆ అంకె కనిపిస్తుంది, నోరు దానంతటదే మూతపడుతుంది.

ఒక్కసారైనా గ్రౌండ్‌కి వెళ్ళండి

శనివారం వద్దు, బాణసంచా జనం. మంగళవారమో బుధవారమో వెళ్ళండి, పలచగా ఉంటారు. హోమ్ ప్లేట్ వెనక నాలుగైదు వరసల పైన సీటు తీసుకోండి. గంట ముందే వెళ్తే షార్ట్‌స్టాప్ గ్రౌండర్లు పట్టడం చూడొచ్చు. చేతుల కంటే పాదాలు చూడండి, బంతి రాకముందే కదులుతున్నాడా, వచ్చాక కదులుతున్నాడా. మీ చుట్టుపక్కల రాడార్ గన్ పట్టుకుని నోట్‌బుక్‌లో ఏదో గీక్కుంటూ మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, స్కౌట్లు, అంటే క్లబ్బుల తరఫున కుర్రాళ్ళని అంచనా వేసేవాళ్ళు. పక్కన కూర్చోండి, ఏమీ అడగకండి. వాళ్ళు దేనికి తలెత్తుతున్నారో చూస్తే చాలు. పొద్దున బాక్స్ స్కోర్‌లో "గ్రౌండ్ అవుట్" అని కనిపించేదానికి, ఎదురుగా ఆ కుర్రాడు ఫస్ట్ బేస్ దాకా ప్రాణం పెట్టి పరిగెత్తి అరంగుళంలో అవుటవ్వడానికి ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది.

ఆట అయ్యాక ఆ రోజు లైన్ పార్కింగ్‌లోనే, కారు స్టార్ట్ చేయకముందే రాసేయండి. ఇంటికెళ్ళి రాద్దాంలే అనుకుంటే పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు, వాళ్ళని ఎత్తుకుని పైకి తీసుకెళ్ళేసరికి సెకండ్ బేసా షార్ట్‌స్టాపా అన్నది గుర్తుండదు.